దస్తగిరి హైదరాబాద్ వద్దని కర్నూలు సీటు తీసుకున్న రోజు

నిన్న పొద్దున ధర్మవరం నుంచి ఫోన్.
"అన్నా, మన డాక్టర్ దస్తగిరి పోయినాడు."

ఏ దస్తగిరి అని అడిగినా.
నాకు తెలిసిన డాక్టర్ దస్తగిరి ఒక్కడే. అయినా అడిగినా.

ముదిగుబ్బ రోడ్డులో లారీ గుద్దిందంట. ధర్మవరంలో ఇంటి నుంచి ముదిగుబ్బలో ఉండే వాని క్లినిక్‌కి బైక్ మీద పోతాండాడు. హాస్పిటల్ దాకా కూడా రాలేదు.

ఇంకా నమ్మబుద్ధి కావడంలేదు.

తొంభైల్లో హిందూపురంలో ఇంటర్ బైపీసీ కలిసి చదివినాం. ఒకే రూమ్. వాడిది పెనుకొండ.

వాడికి నత్తి. "ప" వచ్చిందంటే ఆడే నిలబడిపోతాడు. సొంతూరి పేరు కండక్టర్‌కి చెప్పడానికి కూడా చెమటలు పట్టేవి.

ఇంటర్ సెకండియర్‌లో పేపర్లో కనపడిన ప్రతి మెడికల్ కాలేజీకీ నేను అప్లై చేసినా. వాడు మాత్రం ఎంసెట్, దాంతోపాటు ఇంకొక్కటే. తమిళనాడులో ఒక మిషన్ కాలేజీ. రాత పరీక్ష పాసైతే పిలిచి, మనిషిని దగ్గరుండి చూసి, ఇంటర్వ్యూ చేసి తీసుకుంటారు.

రూమ్‌లో అందరం ఒకటే మాట. "ఇంటర్వ్యూ ఉండే కాలేజీ నీకెందుకురా?"

"రాసేదాంట్లో నాకంటే ఫాస్ట్‌గా ఉండేవాళ్ళు శానామంది. ఈళ్ళు మనిషిని చూస్తామంటాండారు. చూడనీ" అన్నాడు.

రాత పరీక్ష పాసైనాడు. ఇంటర్వ్యూకి పోయినాడు.

డాక్టర్ ఎందుకు కావాలని అడిగినారంట. మొదటి మాటలోనే ఇరుక్కుపోయినాడు. ఎదురుగా కూర్చున్న పెద్దాయన పెన్ను కింద పెట్టి, ఊరికే చూస్తా ఉండిపోయినాడంట.

వాడు వచ్చీరాని ఇంగ్లీషులో చెప్పిందిది:
"నా మాట నేను ముగించకముందే అందరూ ముగించేస్తారు సార్. సగం సార్లు తప్పు మాట చెప్తారు. నా పేషెంట్లు చెప్పేది నేను చివరిదాకా వింటా."

సీటు రాలేదు.

ఆ రోజు అన్నం ముట్టలేదు. గోడ వైపు తిరిగి పడుకున్నాడు. "సీటు పోతే పోయె, వాళ్ళు నేను చెప్పేదంతా విన్నారబ్బా" అని మాత్రం అన్నాడు.

ఆ ఏడు ఎంసెట్‌లో ఇద్దరికీ రాలేదు. నేను బీఎస్సీలో చేరినా. వాడు లాంగ్ టర్మ్ కోచింగ్ తీసుకుని మళ్ళా రాసినాడు. ఈసారి ర్యాంక్ చూసి పెనుకొండ పెనుకొండంతా వాళ్ళింటికి వచ్చింది.

కౌన్సెలింగ్‌కి వాడు, వాళ్ళ నాయన, నేను పోయినాం. వాని ర్యాంక్‌కి హైదరాబాద్‌లో సీటు ఉండాది.

"హైదరాబాదే తీసుకోరా. పెద్ద పేరుండాది" అన్నాడు నాయన.

వాడు లోపలికి పోయి కర్నూలు అని చెప్పొచ్చినాడు.

నాయన మొహం నల్లబడిపోయింది.

"ఆడికొచ్చే పేషెంట్లు మన మాట మాట్లాడ్తారు నాయనా. మన మాటలో నాకు నత్తి తక్కువ. వాళ్ళని అడగొచ్చు, మాట్లాడొచ్చు. నేను అట్లయితేనే నేర్చుకుంటా" అన్నాడు.

తిరుగు బస్సులో ఊరొచ్చేదాకా నాయన వాడితో మాట్లాడలేదు.

కానీ వాడు కరెక్ట్.

డాక్టరయినాక ముదిగుబ్బలో క్లినిక్ పెట్టినాడు. రొద్దం నుంచి మా అవ్వని ఒకసారి వాని దగ్గరికి తీసుకపోయినా. మా అవ్వ కడుపు నొప్పని మొదలుపెట్టి, ఎనుము ఈనింది, కోడలు అలిగింది, అన్నీ చెప్తుంది. నేను ఆపబోతే వాడు నన్ను ఆపినాడు.

మధ్యలో ఎక్కడో అవ్వ అనింది, గట్టు ఎక్కేటప్పుడు దవడ లాగుతుందని.

"అవ్వా, దవడ అంటివే. అది మళ్ళా చెప్పు."

గ్యాస్ అనుకుని మాత్రలు మింగుతాండె మా అవ్వ. వాడు ఈసీజీ తీసి, ఆ పొద్దే బెంగుళూరుకి పంపించినాడు. గుండె. దాని తర్వాత కూడా మా అవ్వ శానా ఏండ్లు బతికింది.

ఇప్పుడు నేను టీచర్. మెడిసిన్ రాసే నా స్టూడెంట్స్‌ని వాని దగ్గరికి పంపిస్తుంటి. ర్యాంక్ ఎంత, ఏ కాలేజీ ఫస్ట్ అని అడిగేవాడే కాదు.
"నీకేం బాగా వస్తుందో చెప్పు. అది ఏ కాలేజీలో పనికొస్తుందో చూద్దాం" అంటుండె.

నిన్న సాయంత్రం పెనుకొండలో మట్టి చేసినాం. ముదిగుబ్బ పక్క ఊర్ల నుంచి ఆటోల్లో వస్తానే ఉన్నారు జనం. వాని భార్య షమీమ్ వదిన మొహం చూడలేకపోయినా. లేటుగా పుట్టిన వాళ్ళ పాప ఇంకా చిన్నది. ఎవరెత్తుకుంటే వాళ్ళ దగ్గరికి పోతాంది.

అంతా అయినాక వాళ్ళ నాయన నా పక్కన కూర్చున్నాడు. నెమ్మదిగా అడిగినాడు.

"ఆ పొద్దు హైదరాబాద్ తీసుకునింటే, వాడు ఆడే ఉండిపోతుండె. ఈ రోడ్డు మీదికి వచ్చేవాడే కాదు. కదప్పా?"

ఆయన చెయ్యి పట్టుకుని కూర్చున్నా.

పోయిరా దస్తగిరీ.
అల్లా నీకు నెమ్మదినియ్యనీ. మీ నాయనకి కూడా.