సుక్రి కుడి చెంప

1975 ఫిబ్రవరిలో నన్ను మూడు నెలల డెప్యుటేషన్ మీద మన్యంలోని పెదబయలు పంపారు. అప్పటికి నేను విశాఖపట్నంలో ఒక ఆస్పత్రిలో, ప్లాస్టిక్ సర్జరీ విభాగంలో సివిల్ అసిస్టెంట్ సర్జన్ని. పేరు గంభీరంగానే ఉంటుంది. చేసే పని మాత్రం ప్రొఫెసర్‌గారు కోస్తుంటే గాయం అంచులు కొక్కేలతో పట్టుకుని నిలబడటం, ఆయన చేతులు కడుక్కోవడానికి వెళ్ళాక కుట్లు వెయ్యడం. ఏజెన్సీ డ్యూటీ అంటే మాలో చాలామందికి శిక్ష కింద లెక్క. వంతు వచ్చింది, తిట్టుకుంటూ వెళ్ళాను.

రిటైరయ్యాక ఇప్పుడు ఏ పెళ్ళికి వెళ్ళినా భోజనాల దగ్గర ఎవరో ఒకరు నా పక్కకు కుర్చీ లాక్కుంటారు. చెంప ఎముకలు తగ్గించొచ్చా, దవడ సన్నబడుతుందా, నొప్పెంత, వాపెన్నాళ్ళు, మచ్చ కనపడుతుందా, చేయించుకున్నది కలకాలం ఉంటుందా. ముఖం ఆకృతి దిద్దే ఈ సర్జరీకి ఇప్పుడు ఇంగ్లీషులో ముద్దుపేర్లు వచ్చాయి గానీ ప్రశ్నలు అవే. ఆ ఏడాది ఒక కొండమనిషి తన భార్య కోసం డిస్పెన్సరీ వరండాలో గొంతుక్కూర్చుని నన్ను ఇవే అడిగాడు. అన్నిటికీ సరైన జవాబులే చెప్పాను. ఆవిడను మాత్రం నేను ఒక్క మాటా అడగలేదు. నేను చెప్పబోయేది దాని గురించే.

ఆవిడ పేరు సుక్రి. ముప్ఫై లోపే వయసు. భర్త సోమ్రా. అంతకుముందు ఏడాది ఇప్పపువ్వు రాలే రోజుల్లో, తెల్లారుతూనే పువ్వు ఏరడానికి వెళ్ళి ఎలుగుబంటికి ఎదురుపడింది. ఆ పువ్వు మనుషులకెంత ఇష్టమో ఎలుగులకూ అంతే. ఎలుగు నేరుగా ముఖం మీదికే వస్తుంది. ఎడమ చెంప చీలిపోయి, చెంప ఎముక నలిగి, ఆకుపసర్లతోనే మానింది. మానడమంటే ముడుచుకుపోయింది. కింది రెప్ప లాగేసి కన్ను మూతపడదు. నోటి మూల తెరుచుకుపోయి, జావ తాగితే సగం బయటికి కారుతుంది. నలుగురిలో తినడం మానేసిందనీ, సంతకు కూడా రావడం లేదనీ సోమ్రా చెప్పాడు. అలాగే వదిలేస్తే ఆ కన్ను ఎన్నాళ్ళో నిలవదని నాకు చూడగానే తెలిసింది.

ఆమె రెండు చెంపల మీదా పచ్చబొట్లుండేవి. ఒక్కోవైపు మూడు గీతలు, వాటి కింద చుక్కల వరస. ఎడమవైపువి మచ్చల మధ్య తెగి ముక్కలైనా ఆనవాలు తెలుస్తూనే ఉండేది. వాళ్ళలో ఆడపిల్లకు ఈడు రాకముందే వాటిని పొడుస్తారు. చనిపోయాక, అంతకుముందే పోయిన తమవాళ్ళు అవతల తమను పోల్చుకునేది వాటిని బట్టేనని వాళ్ళ నమ్మకం. సుక్రికి ఒక్కతే కూతురు, ఆరేళ్ళప్పుడు జ్వరమొచ్చి పోయింది. కూతురి సంగతి కేసు షీట్లో రాసుకున్నాను. నమ్మకం సంగతి నాకప్పటికి తెలియదు. తెలియదని తప్పించుకోవడానికీ లేదు. మా నాయనమ్మకు మోచేతుల దాకా పచ్చబొట్లే, అవి తనతోపాటే వస్తాయని ఆవిడా అంటూ ఉండేది. అయినా నా బుర్రకు తట్టలేదు.

డిస్పెన్సరీ కాంపౌండరు అప్పలనాయుడు చీపురుపల్లి వైపు మనిషి. చాలా ఏళ్ళుగా కొండల్లోనే ఉండిపోయి వాళ్ళ భాష మాట్లాడేవాడు. సోమ్రా ఒక్కొక్క ప్రశ్నే అడుగుతుంటే అతను నాకు తెలుగులో చెప్పేవాడు, నా జవాబు మళ్ళీ అటు చెప్పేవాడు. కోసేటప్పుడు నొప్పి ఉంటుందా? మత్తులో తెలియదు, తర్వాత నాలుగైదు రోజులు గట్టిగానే ఉంటుంది. ఎముక ఎక్కణ్ణుంచి తెస్తారు, మేకదా? కాదు, ఆమెదే, తుంటి పైన చేతికి తగిలే గట్టు నుంచి చిన్న ముక్క తీస్తాం. చర్మమో? భుజం కింద ఛాతీ మీది చర్మాన్ని ఒక కొస అంటి ఉండగానే లేపి చెంపకు కుడతాం. మూడు వారాలకు అది చెంప నుంచి రక్తం తీసుకోవడం నేర్చుకుంటుంది, అప్పుడు ఆ కొస కోస్తాం. ఎముక పెట్టడం ఆ తర్వాత కొన్ని నెలలకు. వాపు? పూర్తిగా తియ్యడానికి మూడు నెలలు. మచ్చ? ఉంటుంది, సన్నగా. పెట్టిన ఎముక నిలుస్తుందా? కొంత కరుగుతుంది, అందుకే కాస్త ఎక్కువ పెడతాం. పాత ముఖం వస్తుందా? రాదు, దాని దగ్గరికి వస్తుంది.

ఇంతసేపూ సుక్రి స్తంభం పక్కన, కొంగు చెంపకు అడ్డం పెట్టుకుని నిలబడే ఉంది. అప్పలనాయుడు నావైపు తిరిగి, "ఆడు అడగడం అయిపోనాది బాబూ. మరి ఆ మనిసినేటైనా అడగమంటారేటి?" అన్నాడు. బయట నాకోసం వచ్చిన జీపు హారన్ కొడుతోంది. అక్కర్లేదు, ముందు వేలిముద్ర వేయించమన్నాను. సోమ్రా వేలిముద్ర వేశాడు. ఆ ఒప్పుకోలు కాగితంలో "అవసరమని తోచిన ఇతర చికిత్స" అని ఒక ముక్క ఉండేది. డాక్టరు ఏం చేసినా అందులో పడుతుంది.

మే నెలలో సుక్రిని విశాఖపట్నం తెచ్చారు. మొదటి ఆపరేషన్ ప్రొఫెసర్‌గారు చేశారు. ముడుచుకున్న మచ్చనంతా కోసి తీసేసి, ఛాతీ చర్మం తెచ్చి కప్పారు. మచ్చతోపాటు ఎడమవైపు గీతలూ పోయాయి. కన్ను దక్కాలంటే అది తప్పదు, దాన్ని నేనిప్పటికీ తప్పనను. రెప్ప మూతపడింది, నోటి మూల కలిసింది. ఎముక పెట్టేదాకా ఆమెను వార్డులోనే ఉంచాం. అక్టోబరులో ఎముక పెట్టే వంతు వచ్చినప్పుడు ఆయన, "ఇది నువ్వే చెయ్యవోయ్" అన్నారు. ముఖం మీద నేను సొంతంగా చేసిన మొదటి పెద్ద ఆపరేషన్ అది.

అబ్బో, ఆ రోజు నా మిడిసిపాటు! ఎముకను చెక్కి కూర్చి, తీగతో కట్టి, కాలిపర్‌తో రెండు వైపులా కొలిచాను. కంటి మూల నుంచి చెంప గుబ్బకు, అక్కణ్ణుంచి నోటి మూలకు, అన్నీ సరిపోయాయి. మా వృత్తిలో రెండువైపులూ ఒక్కలా రావడమే పరీక్ష. వచ్చింది. కానీ పైనుంచి చూస్తే ఎడమ చెంప నున్నగా, ఖాళీగా ఉంది, కుడి చెంప మీద ఆకుపచ్చ గీతలు. అది నా కంటికి నలుసులా తోచింది. మత్తు డాక్టరుగారిని అడిగితే ఇంకా సమయముందన్నారు. అప్పట్లో పచ్చబొట్టు తియ్యడానికి ఒక పద్ధతి ఉండేది. నీళ్ళలో మరిగించిన గరుకు కాగితంతో చర్మం పైపొరను రక్తం చిమ్మేదాకా గీకడం, రంగు చాలావరకు పోతుంది. ఏ జబ్బూ లేని ఆ కుడి చెంపను నేను అలా గీకేశాను. నన్నెవరూ చెయ్యమనలేదు, ఎవరూ ఆపలేదు. పాపం, ఆమెకు ఉచితంగా ఒక మేలు చేస్తున్నాననుకున్నాను.

ముఖం గాయాల వార్డులో అద్దం ఉంచరు. డిశ్చార్జి నాడే ఇస్తారు. సుక్రికి సిస్టర్‌గారు అద్దం ఇస్తుంటే మేమందరం చుట్టూ నిలబడ్డాం. ఆమె ఎడమ చెంపను ఒక్క క్షణం చూసింది. తర్వాత కుడి చెంప మీద వేళ్ళు పెట్టి రుద్దింది, వేళ్ళు చూసుకుంది, మళ్ళీ రుద్దింది. అది కూడా తీసేశానని నేను సోమ్రాకు గొప్పగా చెప్పాను. వాడు తల వంచుకున్నాడు. మొహమాటమనుకున్నాను.

1976 జనవరిలో పెదబయలులో రివ్యూ క్యాంపు పెట్టాం. ఆపరేషన్ అయినవాళ్ళను ఊరి దగ్గరే చూడటానికి. సుక్రి వచ్చింది. రెప్ప చక్కగా మూతపడుతోంది, ఎముక కదలకుండా ఉంది. నేను సంతోషంగా రాసుకుంటుంటే ఆమె అప్పలనాయుడితో ఏదో అంది. ఏమందని అతన్ని అడిగాను. గట్టిగా అడిగితే అప్పుడు చెప్పాడు: "తీసిన తోలు ఏటి సేసినారని అడుగుతంది బాబూ. గీతల తోలు. దాసుంటే ఇమ్మంతంది, సచ్చిపోయినప్పుడు తనతో కూడా పెట్టించుకుంతాదట. లేపోతే అక్కడ దాని కూతురు గుంట తల్లిని ఎలాగ పోల్చుకుంటాదంతంది."

అప్పుడు అడిగి తెలుసుకున్నాను, పచ్చబొట్ల సంగతంతా. ముందే ఎందుకు చెప్పలేదయ్యా అని అతని మీద ఎగిరాను. అతనేం తడబడలేదు. "మీరడిగితే కదా బాబూ సెప్పడానికి. అయినా మంచి సెంప గీకేత్తారని నాకేటి తెలుసు?" అన్నాడు. తర్వాత అతనే గొంతు తగ్గించి, "పోనీ దాసేమని సెప్పీమంటారా?" అన్నాడు. వద్దన్నాను. ఆస్పత్రిలో తీసిన శరీర భాగాలను కాల్చేస్తారనీ, అదీ అలాగే కాల్చేశారనీ, కుడివైపుది గీకుడులోనే పోయిందనీ చెప్పించాను. సుక్రి ఇంకొక్కటే అడిగింది. అది కాలుతున్నప్పుడు పక్కన ఎవరైనా ఉన్నారా అని. లేరని చెప్పించాను.

ఆ మరుసటి ఏడాది ఎవరూ పంపకుండానే సెలవు పెట్టి పెదబయలు వెళ్ళాను. ఈలోగా సుక్రి వాళ్ళ ఊళ్ళో పచ్చబొట్లు పొడిచే ముసలామె దగ్గర రెండు చెంపలకూ మళ్ళీ గీతలు పొడిపించుకుంది. కుడివైపు బాగానే నిలిచాయి. ఎడమవైపు చర్మం ఛాతీది, పలచటిది, దాని కిందే నేను పెట్టిన ఎముక. సూది పోట్లకు చీము పట్టింది. ఎముక ముక్కలు ముక్కలుగా బయటికి వచ్చేసిందట. నేను చూసేసరికి చెంప గుంట పడి, రెప్ప మళ్ళీ కిందికి లాగేసి ఉంది, కంటి నల్లగుడ్డు మీద తెల్లటి మచ్చ మొదలైంది. గీతలు మాత్రం మూడూ ఉన్నాయి, వంకర టింకరగా.

కన్ను ఇంకా దక్కించవచ్చు. మళ్ళీ చర్మం, మళ్ళీ ఎముక, ఆరేడు నెలలు పడుతుంది. అప్పలనాయుడి చేత అంతా వివరంగా చెప్పించాను. సోమ్రా ఈసారి ఒక్క ప్రశ్న కూడా వెయ్యకుండా భార్యవైపు చూశాడు. ఆమె సంతల్లో నేర్చుకున్న కాస్త తెలుగులో, నాతోనే నేరుగా మాట్లాడింది. "ఒద్దు. నువ్వు మల్లీ తీసేత్తావు."

తియ్యనని చెప్పాను. గీతల జోలికి పోనని, కావాలంటే కాగితం మీద రాసిస్తానని, ఒట్టేసి చెప్పాను.

"అప్పుడు మాత్రం తీత్తానని సెప్పినావేటి?" అంది.

ఆ మరుసటి ఏడాదికి ఆ కన్ను పూర్తిగా పోయిందని అప్పలనాయుడు కార్డు రాశాడు.

ఆ తర్వాత నా చేతి కింద జరిగిన ప్రతి ముఖం ఆపరేషన్‌కూ ఒక పద్ధతి పెట్టుకున్నాను. మత్తు ఇచ్చే ముందు రోజు పేషెంటునే, భర్తనో తండ్రినో కాదు, పేషెంటునే కూర్చోబెట్టి, మీ ముఖంలో నేను ముట్టుకోకూడనిది ఏమిటని అడిగి, వాళ్ళు చెప్పింది వాళ్ళ మాటల్లోనే కేసు షీట్లో రాసేవాణ్ణి. బాగున్న భాగం మీద కత్తి పెట్టాలంటే వేరే ఒప్పుకోలు తీసుకునేవాణ్ణి. నా దగ్గర చదువుకున్నవాళ్ళు దీన్ని చాదస్తమన్నారు, అననివ్వండి. కొలతలన్నీ సరిపోయినా ఆపరేషన్ తప్పు కావచ్చునని నేను నేర్చుకున్నాను. నేర్చుకున్నది నేను, కన్ను పోయింది సుక్రికి.