ఒళ్ళు మాట వినని మనిషి

వాషింగ్ మెషీన్ బట్టలు పిండటం అయ్యాక ఒక్కసారిగా ఆగదు. లోపలి డ్రమ్ము ఇంకా తిరుగుతూనే ఉంటుంది. సన్నని కూత ఒకటి మెల్లగా గొంతు దించుకుంటూ మూలుగుగా మారి, చివరికి ఉందో లేదో తెలియకుండా పోతుంది. మదీనాగూడలోని మా ఫ్లాటులో ఆ చప్పుడు వినబడినప్పుడల్లా చేతిలో పని ఆపేసి, అది పూర్తిగా అణిగేదాకా నిలబడిపోతాను. "బట్టలు ఎక్కడికీ పారిపోవు అత్తయ్యా" అని మా కోడలు నవ్వుతుంది. నవ్వనీ. ఆ పిల్లకు ఏమని చెప్పను? డెబ్బయ్యో దశకంలో గచ్చిబౌలి బండల మధ్య ఒక రాతి గది ఉండేదనీ, సాయంత్రం కరెంటు తీసేశాక అక్కడి గైరోస్కోపులు ఒక్కొక్కటే ఇలాగే మూలుగుతూ ఆగేవనీ, అవన్నీ ఆగేదాకా సుదర్శనం సార్ మమ్మల్ని నోరు మెదపనిచ్చేవారు కాదనీ చెబితే, ముసలావిడకి చాదస్తం ముదిరిందనుకుంటుంది.

ఆ గది విమాన పరికరాలు తయారుచేసే ఒక చిన్న సంస్థది. ఇప్పుడక్కడ అద్దాల మేడలున్నాయి. అప్పుడు బండ మీద బండ, దాని మీద మరో బండ, మధ్యలో సీతాఫలం పొదలు. పక్కన లారీ పోయినా గైరో కొలతలు చెడిపోతాయని పరీక్షల గదిని జనానికి దూరంగా కట్టారు. గుడివాడలో డిప్లొమా చదివి, కూకట్‌పల్లిలో కిరాయి గది తీసుకుని, ఆడపిల్లకి అక్కడేం పని అన్నవాళ్ళందరితో పోట్లాడి ఆ ఉద్యోగంలో చేరాను. సుదర్శనం సార్ ఆ గదికి అధికారి. కూకట్‌పల్లి ఊరివారే. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ ఏదో వింటున్నట్టు తల కొంచెం పక్కకు పెట్టి ఉండేవారు.

మొదటిరోజు ఆయన ఒక గైరోను నిలువుగా నిలబెట్టి తిప్పారు. బొంగరం లాంటి ఇనుప చక్రం, దాని చుట్టూ ఎటైనా కదలగల ఉంగరాలు. తలుపేసి మమ్మల్ని వేరే పనికి పంపారు. మధ్యాహ్నం నేను తలుపు తీసేసరికి అది పక్కకు వాలి ఉంది. కిటికీలు మూసే ఉన్నాయి. బల్ల కదల్లేదు. చక్రం ఇంకా అదే వేగంతో, అదే కూతతో తిరుగుతోంది. ఎవరో కదిపి ఉంటారండీ అన్నాను, నా మీదికి రాకూడదని.

"ఎవ్వరు ముట్టలేదు బిడ్డా. అది పొద్దున యాడ చూసిందో ఇప్పుడు సుత గాడ్నే చూస్తుంది. ఒరిగింది మనం. నువ్వు, నేను, గీ బండలు, అన్నీ కలిసి ఒరిగినయ్."

భూమి తిరుగుతుందని నేను చదువుకోలేదా, చదివాను, పరీక్షలో మార్కులూ తెచ్చుకున్నాను. కానీ ఆ గదిలో, ఆ వాలిన ఇనుము ముందు నిలబడినప్పుడు కాళ్ళ కింద నేల ఎటో తిరగబడుతున్నట్టు తెలిసింది. సాయంత్రం ఆఫీసు వ్యాను దాకా ఆచితూచి అడుగులేస్తూ నడిచాను.

పైలట్ చెయ్యి వెయ్యకుండానే విమానాన్ని నడిపే ఆటోపైలట్ ఎలా పనిచేస్తుందో ఆయన సైకిలు పోలికతో చెప్పేవారు. విమానం లోపల గైరో తన నిలువును తాను పట్టుకుని ఉంటుంది. విమానం ఒరిగితే ఆ రెంటికీ మధ్య తేడా వస్తుంది. ఆ తేడా కొద్దిపాటి కరెంటుగా మారి మోటారుకు చేరితే, అది రెక్కల చివరి పలకలను కదిపి విమానాన్ని మళ్ళీ సమం చేస్తుంది. సరిదిద్దడం గొప్ప కాదనీ, సరిదిద్దడం ఎప్పుడు తగ్గించాలో తెలియడమే విద్య అనీ అనేవారు. సైకిలు కొత్తగా నేర్చుకునేవాడు పడేది హ్యాండిలు తిప్పలేక కాదు, ఎక్కువ తిప్పి. అయితే గైరో కూడా గంటలు గడిస్తే భూమిని వదిలి వాలిపోతుంది కదా. అందుకని దాని కింద లోలకం లాంటిది ఒకటి ఉండి, కింద అంటే ఎటో దానికి నెమ్మదిగా గుర్తుచేస్తుంటుంది. ఆయనకు అనుమానమంతా ఆ లోలకం మీదే. నేల మీద అది నిజమే చెబుతుంది. మలుపు తిరిగే విమానంలో మాత్రం బయటికి విసరబడి, అదే కింద అనుకుంటుంది. దాని మాట విని గైరో కూడా కొంచెం కొంచెంగా ఆ అబద్ధాన్ని నమ్ముతుంది. అందుకే మలుపులో లోలకాన్ని విడదీసే స్విచ్చు ఒకటి పెడతారు.

ఇక ఆయన నడక. గదిలో ఉంటే ఒక చెయ్యి గోడకు ఆనించే నడిచేవారు. ఆరుబయట దూరంగా ఉన్న ఏదో ఒక బండ మీద చూపు నిలిపి, దాని వైపే తాడు కట్టి లాగుతున్నట్టు వెళ్ళేవారు. పొద్దున్నే తాగి వస్తాడని ఆఫీసులో చెవులు కొరుక్కునేవారు. నా ముక్కు మీద నాకు నమ్మకముంది, ఆయన దగ్గర ఎన్నడూ ఆ వాసన రాలేదు. ఒకరోజు నన్ను తిరిగే కుర్చీలో కూర్చోబెట్టి, కళ్ళకు గుడ్డ కట్టి, ఎటు తిరుగుతున్నానో చెబుతుండమన్నారు. కుడివైపు అన్నాను. కాసేపటికి ఆగిందన్నాను. తర్వాత ఎడమవైపు గట్టిగా తిరుగుతోందంటూ కుర్చీ చేతులు పట్టుకుని అరిచినంత పనిచేశాను. గుడ్డ విప్పారు. కుర్చీ కదలకుండా ఉంది. ఆగిందని నేనన్నప్పుడు అది ఇంకా కుడివైపే తిరుగుతోందట. ఎడమకని నేను భయపడినప్పుడు దాన్ని ఆపేశారట.

"నాకు కుర్చీ అక్కర్లేదు బిడ్డా. దినాం గిట్లనే ఉంటది" అన్నారు. ఒంటికి సమతూకం చెప్పే లోపలి చెవికి జబ్బు. దవాఖానలో మందు లేదన్నారట. నిలబడి ఉంటే నేల లేస్తుంది, పడుకుంటే మంచం జారుతుంది. తెలిస్తే ఆ గదిలో ఉండనివ్వరు కాబట్టి ఎవరికీ చెప్పొద్దన్నారు. ఆ గది తప్ప ఆయనకు వేరే లోకం లేదు. నేను చెప్పలేదు.

మేం కొత్తగా చేసిన ఆటోపైలట్ నేల మీది పరీక్షలన్నీ దాటింది. పైవాళ్ళు మెచ్చుకున్నారు. సార్ మాత్రం మొండికేశారు. బల్లను ఎంత వంచినా అది నేల మీదే ఉంటుందనీ, నేల మీద లోలకానికి అబద్ధం చెప్పే అవకాశమే రాదనీ, మబ్బులో చాలాసేపు గిరికీలు కొట్టి చూడాల్సిందేననీ పట్టుబట్టారు. చివరికి వానాకాలంలో ఒక చిన్న విమానం ఇచ్చారు. పైలట్ మా కృష్ణా జిల్లా వారే. ఎక్కేముందు నన్ను పక్కకు పిలిచి గొంతు తగ్గించారు. "నేల మీదే తిన్నగా నిలబడలేని మనిషి, పైన నాకేం చెబుతాడమ్మా?" నేను రీడింగులు రాసే పని చూసుకున్నాను.

మబ్బులోకి వెళ్ళాక అన్ని కిటికీలూ తెల్లబడిపోయాయి. పైలట్ ఆటోపైలట్‌కు ఎడమ మలుపు అప్పగించి చేతులు ఒళ్ళో పెట్టుకున్నారు. ఆయన పక్కన సార్. వెనక నేను. సార్ ఫ్లాస్కులోంచి టీ వంపి, గ్లాసు నా చేతికిచ్చి, తాగొద్దు, చూస్తూ ఉండమన్నారు. విమానం ఒరిగి తిరుగుతోంది కదా, టీ మాత్రం గ్లాసులో అంచులకు సమంగా నిలబడి ఉంది. నా ఒళ్ళూ అదే చెప్పింది: ఇంట్లో కుర్చీలో కూర్చున్నట్టు ఉన్నాం, ఎటూ తిరగడం లేదు. ఇంజన్ల హోరు తప్ప ఏమీ లేదు. చాలాసేపు అలాగే ఉన్నాం. ఎప్పుడో నా చేతిలో గ్లాసు బరువెక్కింది. టీ మాత్రం సమంగానే ఉంది. కనురెప్పలు కూడా బరువుగా అనిపిస్తే నిద్రేమో అనుకున్నాను.

దిక్సూచి గబగబా తిరుగుతోందని సార్ అన్నారు. ఎత్తు తగ్గుతోందన్నారు. పైలట్ ముందున్న ఆటోపైలట్ గైరో మాత్రం మేం చెప్పినంత ఒంపే చూపిస్తోంది. నిజానికి అది అబద్ధపు కిందను నమ్మేసి, ఒంపు చాలడం లేదనుకుని విమానాన్ని ఇంకా ఇంకా వంచుతోంది; గ్లాసు బరువెక్కింది అందుకే. తన లెక్క ప్రకారం అది తప్పు దిద్దుకుంటోంది. అప్పటిదాకా పైలట్, నేను, చేతిలో టీతో సహా, అంతా బాగుందనే అనుకున్నాం.

సార్ ఆటోపైలట్ తీసేయమన్నారు. పైలట్ తీసేసి, లోలకంతో పనిలేకుండా మలుపు చూపే సూది మధ్యకు వచ్చేదాకా విమానాన్ని సమం చేశారు. సరిగ్గా అప్పుడే నాకు లోకం కుడివైపుకు బోర్లపడింది. పడిపోతున్నామని ఒళ్ళంతా ఘోషించింది. పైలట్‌కూ అలాగే అనిపించి ఉండాలి. ఆయన చేతులు మళ్ళీ ఎడమకు, వచ్చిన దారికే, ఆ సుడిలోకే తిప్పడం మొదలుపెట్టాయి. సార్ ఆయన మణికట్టు పట్టుకున్నారు.

"సూదిని చూడుండ్రి. ఒళ్ళు మాట ఇనకుండ్రి."

పైలట్ కోపంగా తల తిప్పారు. మనం కుడికి పడిపోతున్నామని అరిచారు. సార్ చెయ్యి వదల్లేదు, గొంతూ పెంచలేదు. "నాకు సుత పడుతున్నట్టే ఉంది. సూదిని చూడుండ్రి." ఆ మాటలో ఏం విన్నారో, పైలట్ చేతులు నిలిచిపోయాయి. మబ్బు కిందికి వచ్చేసరికి గచ్చిబౌలి బండలు భయంకరంగా దగ్గరున్నాయి. విమానం వాటి పైన తిన్నగా, సమంగా పోతోంది. నా కళ్ళకు మాత్రం బండలన్నీ ఒక పక్కకు దొర్లిపోతున్నట్టు కనబడ్డాయి.

కిందికి దిగాక ఆటోపైలట్ విప్పి చూస్తే స్విచ్చు తీగలు తారుమారై ఉన్నాయి. మలుపులో కూడా లోలకాన్ని విడదీయడం లేదు. నేల మీద ఎన్నేళ్ళు పరీక్షించినా అది బయటపడదు. పైలట్ పెద్ద మనసున్నవారే. అందరి ముందూ సార్‌కి దండం పెట్టి, అక్కడ ఏది నిజమో మీకెలా తెలిసిందండీ, మిగతా పైలట్లకు కూడా నేర్పాలి అని అడిగారు. సార్ ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవచ్చు. నా వైపు చూశారు. వద్దని తల ఊపాను.

"నాకేం తెల్వలేదు. నా చెవులు ఖరాబైనయ్. దినాం పడుతున్నట్టే ఉంటది నాకు. అందుకే ఒళ్ళు చెప్పేది ఇనుడు బంద్ చేసిన" అన్నారు.

నెల తిరక్కుండా ఆయన్ని ఆ గది నుంచి తీసి స్టోరులో కూర్చోబెట్టారు. జబ్బు మనిషిని పరీక్షల దగ్గర ఉంచరాదన్నారు. మా ప్రాణాలు కాపాడినందుకు దక్కింది అది. నాకు వచ్చిన కోపం ఇన్నేళ్ళయినా చల్లారలేదు. ఆయన మాత్రం పైలట్లకు ఆ సంగతి తెలియాలి కదా బిడ్డా అని ఊరుకున్నారు.

కొన్నేళ్ళకు ఆయన మంచాన పడ్డారని తెలిసి కూకట్‌పల్లి వెళ్ళాను. వాళ్ళావిడ లోపలికి తీసుకెళ్ళింది. వెల్లకిలా పడుకుని, రెండు చేతులతో మంచం పట్టెలు బిగించి పట్టుకుని ఉన్నారు. చాలా రోజులుగా అలాగే, నిద్ర లేకుండా ఉన్నారని ఆవిడ కళ్ళు తుడుచుకుంది. చూపు కూడా మసకబారిపోయింది ఆయనకు. నా గొంతు గుర్తుపట్టారు.

"బిడ్డా, మంచం ఒరిగిందా? చూసి చెప్పు."

గోడకు వేలాడుతున్న క్యాలెండరు చూశాను. తలుపు చట్రం చూశాను. వంగి మంచం కోళ్ళు చూశాను. "లేదు సార్, సమంగా ఉంది" అన్నాను. ఆయన కాసేపు నా గొంతు వచ్చిన వైపు తల పెట్టి ఉన్నారు. తర్వాత వేళ్ళు ఒక్కొక్కటే సడలాయి. చేతులు రెండూ గుండెల మీద పెట్టుకుని నిద్రపోయారు. ఆ వారంలోనే పోయారు.

నేను ఆయనకు చెప్పింది నిజం. చెప్పనిది ఒకటుంది. ఆ మాట అంటున్నప్పుడు, నిటారుగా ఉన్న తలుపును చూస్తూ ఉన్నప్పుడే, మంచం ఆయనతో సహా గోడ వైపుకు మెల్లగా జారిపోతున్నట్టు నాకు స్పష్టంగా తెలిసింది. ఇప్పటికీ ఆ గది గుర్తొస్తే అది జారుతూనే ఉంటుంది. జారలేదని నాకు తెలుసు. చూశాను కాబట్టి తెలుసు.