ఆపమన్న మెయిల్

కృపాజ్యోతికి భయపడటం చిన్నప్పటి నుంచీ అలవాటే. రాజంపేటలో వాళ్ళమ్మ సాలవ్వ ఊరి చేలన్నిట్లో కూలికి కలుపు తీసింది గానీ, బిడ్డను మాత్రం చేలో కాలు పెట్టనివ్వకుండా కామారెడ్డిలో డిగ్రీ చదివించింది. ఈ పిల్లకు పరీక్ష రాస్తే ఫెయిలవుతానని భయం, పాసైతే ఉద్యోగం దొరకదని భయం, దొరికాక ఎక్కడ ఊడుతుందోనని భయం. ఆ దొరికిన ఉద్యోగమైనా ఎలాంటిది? భయపడేవాళ్ళ కోసమే పుట్టించినట్టుంటుంది. కామారెడ్డిలో ఒక విత్తనాల కంపెనీకి మెయిల్ సర్వర్ చూసుకునే పని.

ఆ సర్వర్ ఒక నల్ల డబ్బా. ఒకప్పుడు శాంపిల్ గింజలు దాచిన ఇరుకు గదిలో ఉంటుంది. ఇప్పటికీ ఆ గదిలో విత్తనాలకు పట్టించే మందు వాసన పోలేదు. కంపెనీలో ఎనభై మంది ఉన్నారు. ఎవరి మెయిల్ ఎవరికి పోవాలన్నా ఆ డబ్బాలోంచే పోవాలి. సాఫీగా పోతున్నన్నాళ్ళు అదొకటి ఉందని కూడా ఎవరికీ గుర్తుండదు. అరగంట ఆగిందా, "జ్యోతి మేడం ఏడుంది?" అని ఆఫీసంతా ఒకటే కేకలు. ఆమెకు ముందు ఆ పని చేసినాయన, ఒక ఆదివారం సర్వర్ ఆగిపోతే, సోమవారానికల్లా ఇంటికి పోయాడు. ఆ ముచ్చట ఆమె చేరిన మొదటిరోజే ఎవరో పనిగట్టుకుని చెప్పారు. చెప్పకపోతే వాళ్ళ సొమ్మేం పోయిందో!

ఆ కంపెనీలో ఒక పద్ధతి ఉంది. విత్తనాల సంచులు ముందే ఎల్లారెడ్డి గోదాముకు చేరిపోతాయి. అదే లాట్ నుంచి తీసిన వంద గింజలను ఇక్కడ కామారెడ్డి ల్యాబ్‌లో తడి కాగితంలో చుట్టిపెట్టి మొలక చూస్తారు. మొలక బాగుంటే ల్యాబ్ ఏమీ చెప్పదు. బాగాలేకపోతేనే, ఆ లాట్ ఆపమని గోదాముకు మెయిల్ పెడుతుంది. పదకొండింటి దాకా మెయిల్ రాకపోతే గోదాములో సంచులు పంచేస్తారు. మౌనం అర్ధాంగీకారం అంటారు కదా, వీళ్ళకు మాత్రం పూర్తి అంగీకారమే.

ఆ యేడు మిరుగు, అంటే మృగశిర కార్తె వాన, సరిగ్గా పడింది. రాత్రంతా వాన కురిసి తెల్లారేసరికి తెరపిచ్చింది. పొద్దున తొమ్మిదిన్నరకు కృపాజ్యోతి ఇంకా చెప్పులు విడవకముందే ఫోన్లు మొదలయ్యాయి. మెయిల్ పోవడం లేదు. ఒకరిది కాదు, ఎవరిదీ పోవడం లేదు.

తెర ముందు కూర్చుని చూసింది. బయటికి పోవడానికి వరుసలో నిలబడ్డ మెయిళ్ళు ముప్పై ఎనిమిది వేలు! డిస్పాచ్ గుమాస్తా పాస్‌వర్డ్ ఎవడి చేతికో చిక్కింది. కంపెనీ పేరు రాసి పక్కన ఒకటీ రెండూ మూడూ పెట్టుకుంటే చిక్కక ఏమవుతుంది? వాడు ఆ గుమాస్తా పేరు మీద లోకమంతటికీ చెత్త మెయిళ్ళు పంపుతున్నాడు. ఆ చెత్తతో డిస్క్ నిండిపోయింది. అసలు మెయిళ్ళేమో ఆ వేలకు వేల చెత్త వెనకాల ఇరుక్కుని కూర్చున్నాయి.

చెయ్యాల్సింది ఆమెకు తెలుసు. ముందు ఆ గుమాస్తా ఖాతా మూసెయ్యాలి. మూసేసింది. తర్వాత వరుసలోంచి ఆ ఖాతా పంపినవి మాత్రమే ఏరి తీసెయ్యాలి. దానికి కొంచెం పొడుగాటి కమాండ్ రాయాలి, అక్షరం తప్పకుండా. అన్నీ ఒక్కసారే తుడిచెయ్యడానికైతే ఒక చిన్న ముక్క చాలు. టేబుల్ మీద ఫోన్ మోగుతోంది, చేతిలో ఫోన్ మోగుతోంది, తలుపు దగ్గర అకౌంట్స్ ఆయన "ఇంకెంతసేపమ్మా?" అని మూడోసారి వచ్చి నిలబడ్డాడు. ముందు పనిచేసినాయన సోమవారం గుర్తొచ్చింది. ఆ చిన్న ముక్కే కొట్టింది.

వరుస సున్నా అయింది. మెయిళ్ళు కదిలాయి. అకౌంట్స్ ఆయన బొటనవేలు పైకెత్తి చూపించి వెళ్ళిపోయాడు. ఆమె కుర్చీలో వెనక్కి వాలి ఊపిరి పీల్చుకుంది, పాపం ఒక నిమిషం పాటు.

చెత్తతో పాటు ఏయే మంచి మెయిళ్ళు పోయాయో చూద్దామని లాగ్ తెరిచింది. లాగ్‌లో మెయిల్ లోపల ఏముందో ఉండదు. ఎవరు పంపారు, ఎవరికి పంపారు, ఎన్నింటికి పంపారు, అంతే. మొత్తం పద్నాలుగు తేలాయి. సెలవు చీటీలో, బిల్లులో, ఏవైనా మళ్ళీ పంపించుకోవచ్చు. పదకొండో దాని దగ్గర ఆగిపోయింది. తొమ్మిదీ నలభై రెండుకు ల్యాబ్ నుంచి ఎల్లారెడ్డి గోదాముకు.

ల్యాబ్ నుంచి గోదాముకు ఊరికే మెయిల్ పోదు. పోయిందంటే ఆపమనే.

గడియారం పదీ ముప్పై ఐదు చూపిస్తోంది. ఆ మెయిల్ పెట్టిన దేవేందర్ సార్ ల్యాబ్‌కు పెద్ద. ఆయనకు ఫోన్ చేస్తే అందుబాటులో లేరని వచ్చింది. ఆమె మెట్లు దిగి వెనకాల ల్యాబ్‌కు పరుగెత్తింది. అక్కడ పనిచేసే వందన ట్రేలు కడుగుతోంది.

"వందనా, పొద్దుగాల సార్ ఎల్లారెడ్డికి మెయిల్ పెట్టిండా?"

"పెట్టిండక్కా. సోయ రెండు వందల పద్నాలుగో లాట్. నూటికి నలభై ఒకటే మొలిచినయి. డెబ్బై రావాలె గద. మెయిల్ పెట్టి మద్నూర్ పొలాలు చూడవోయిండు. దారిల సిగ్నల్ ఉండది. ఏమైందక్కా, గట్ల చెమటలు వట్టినయి?"

ఏమైందని చెప్పేది? నూటికి యాభై తొమ్మిది గింజలు భూమిలోనే కుళ్ళిపోతాయి. సోయ వేసేది వాన పడ్డ ఈ రెండు మూడు రోజులే. ఈ పంటను నమ్ముకుని రైతులు పొద్దున్నే గోదాము ముందు కూర్చుని ఉంటారు. వాళ్ళమ్మ వంగి వంగి కలుపు తీసిన చేలు కృపాజ్యోతి కళ్ళ ముందు మెదిలాయి. అక్కడే నిలబడి గోదాము ఇన్‌ఛార్జ్ లక్ష్మణ్‌కు ఫోన్ చేసింది. అవతల జాతర జరుగుతున్నంత గోల.

"లక్ష్మణ్ అన్నా, రెండు వందల పద్నాలుగు లాట్ ఇయ్యకుండ్రి. ఫెయిల్ అయింది."

"మెయిల్ రాలే గద మేడం?"

"వస్తది. నువ్వయితే ఆపు."

"మేడం, గిట్లనే నిరుడు ఎవడో సార్ గొంతు వెట్టి ఫోన్ జేస్తే నేను సంచులు ఆపిన. ఎవడో కావాలని జేసిండు. గప్పుడు నువ్వే గద మాకు క్లాస్ దీస్కున్నవ్. ఫోన్ల ఎవ్వలు జెప్పినా ఇనొద్దు, మెయిల్ల ఉన్నదే నమ్మాలె అన్నవ్. ఈడ రైతులు తలుపు మీద వడ్తున్రు. కాయితం లేంది నేను ఆపితే నన్ను బతకనియ్యరు. మెయిల్ వెట్టు, ఆపుత."

ఫోన్ పెట్టేశాడు. ఆయన తప్పేముంది? ఈమె చెప్పిన పాఠమే ఈమెకు అప్పజెప్పాడు.

మళ్ళీ పైకి వచ్చింది. పదీ నలభై నాలుగు. అప్పుడు తట్టింది ఆమెకు ఒక ఆలోచన. సర్వర్ ఆమె చేతిలో ఉంది. ఎవరి పేరు మీదనైనా మెయిల్ పంపగలదు. దేవేందర్ సార్ పేరు మీద "లాట్ ఆపండి" అని రెండు మాటలు రాస్తే చాలు. సంచులు ఆగుతాయి. సార్ పొద్దున పెట్టిన మెయిల్ ఇదేననుకుంటారు. ఆమె తుడిచేసిన సంగతి నరమానవుడికి తెలియదు. దొంగకు తేలు కుట్టినట్టు గప్‌చుప్‌గా ఉండిపోవచ్చు.

పంపేవారి పేరు దగ్గర సార్ పేరు కొట్టింది కూడా. కొట్టి, చూస్తూ కూర్చుంది. అప్పటికే అక్కడ ఎవరికైనా సంచి పోయి ఉంటే? మెయిల్ ఆలస్యంగా ఎందుకొచ్చిందని ఎవరైనా అడిగితే? లక్ష్మణ్ అన్న టైముకు ముందే ఇచ్చేశాడనో, సార్ ఆలస్యంగా పంపాడనో తేలుస్తారు. ఎవరో ఒకరి నెత్తిన పడుతుంది. వాళ్ళూ తనలాంటి జీతగాళ్ళే.

ఆ పేరు చెరిపేసి తన పేరు కొట్టింది. ఏడుస్తూనే కొట్టింది. 'సోయ లాట్ 214 మొలక పరీక్షలో ఫెయిల్ అయింది. వెంటనే ఆపండి. దేవేందర్ సార్ పొద్దున 9.42కు ఆపమని పంపిన మెయిల్‌ను నేను పొరపాటున తుడిచేశాను. తప్పు నాది.' లక్ష్మణ్‌తో పాటు దేవేందర్ సార్‌కూ, ఎండీ గారికీ పెట్టింది. పదీ యాభై ఒకటికి బటన్ నొక్కింది. అది చేరినట్టు లాగ్‌లో కనబడేదాకా కళ్ళార్పలేదు.

రెండు నిమిషాల్లో లక్ష్మణ్ ఫోన్ చేశాడు.

"ఆపిన మేడం. కానీ..." గొంతు తగ్గించాడు. "జర ముందే షురూ జేసిన. బురదల కూసున్నరని పాపమనిపిచ్చింది. ఎనిమిది సంచులు వోయినయి. ఐదు ఈడనే ఆటోలల్ల ఉండె, దింపిచ్చిన. భూమక్క అని ఒకామె, మూడు సంచులు దీస్కొని పదింటికే వోయింది. ఫోన్ ఎత్తుతలేదు. నన్నేమో ఈళ్ళు కదలనిస్తలేరు, కాలర్ వట్టుకున్నరు మేడం."

ఆమె ఇంకేమీ అడగలేదు. స్టోర్‌లోంచి మొలక పరీక్ష పాసైన లాట్‌వి మూడు సంచులు, తన పేరు రాసి సంతకం పెట్టి, కంపెనీ జీపులో వేయించింది. ఎల్లారెడ్డికి గంట పైనే పడుతుంది. దారి పొడుగునా చేలల్లో ట్రాక్టర్లు తిరుగుతున్నాయి. ప్రతి ట్రాక్టరూ ఆమెకు భూమక్క ట్రాక్టర్‌లాగే కనిపించింది. ప్రభువా, ఆమె ట్రాక్టర్ చెడిపోవాలి, డీజిల్ అయిపోవాలి, డ్రైవర్ రాకుండా పోవాలి అని ప్రార్థన చేసింది. ఒకరి పని చెడిపోవాలని ప్రార్థన చేయడం ఆమెకు అదే మొదటిసారి. ఫోన్ మోగింది. ఎండీ గారు. ఎత్తడానికి ధైర్యం చాలలేదు. మళ్ళీ మోగింది.

గోదాములో చెప్పిన గుర్తుల ప్రకారం ఊరు దాటి చేను చేరేసరికి ట్రాక్టర్ గట్టు మీద ఆగి ఉంది. ఒక్క క్షణం ప్రాణం లేచొచ్చింది. తర్వాత గట్టు పక్కన ఖాళీ సంచులు కనిపించాయి. రెండు పూర్తిగా ఖాళీ, మూడోదాంట్లో సగం. భూమక్క చెట్టుకింద కూర్చుని గిన్నెలో అన్నం తింటోంది. యాభై దాటిన మనిషి, మోకాళ్ళ దాకా బురద.

కృపాజ్యోతి కాళ్ళు మట్టిలో దిగబడుతుంటే వెళ్ళి ఎదురుగా నిలబడింది. ఎక్కడా దాచకుండా చెప్పింది. మెయిల్ అంటే ఆమెకు అర్థం కాదేమోనని, "ఈ ఇత్తనం మంచిది కాదు, ఇయ్యొద్దని సార్ రాసిన కాయితం నేను చించేసినట్టే అవ్వా," అంది.

భూమక్క నమలడం ఆపింది. గిన్నె కింద పెట్టి, చేయి కడుక్కుని, మిగిలిన సంచిలోంచి నాలుగు గింజలు తీసి అరచేతిలో పోసుకుంది. చాలాసేపు చూసింది.

"మంచిగనే కనవడ్తున్నయి గదనే. గిండ్ల ఏది మొలుస్తది, ఏది మొలువది?"

"నాకు తెల్వదవ్వా."

"మరెట్ల?"

"వేరే సంచులు తెచ్చిన. మూడు."

భూమక్క జీపు వైపు చూసింది, తర్వాత రెండున్నర ఎకరాలు విత్తిన తన చేను వైపు చూసింది, తర్వాత పైకి. మబ్బు ఎక్కడా లేదు, ఎండ చుర్రుమంటోంది.

"సంచులైతే తెచ్చినవ్ బిడ్డా. రేపటికి ఈ తడి ఆరుతది. వాన గూడ తెచ్చినవా?"

కృపాజ్యోతి అక్కడే కూలబడి వెక్కి వెక్కి ఏడ్చింది. భూమక్క ఓదార్చలేదు. కోప్పడలేదు కూడా. ట్రాక్టర్ అతన్ని పిలిచి, మిగిలిన అర ఎకరంలో కొత్త సంచి పెట్టమంది. విత్తిన చోట మళ్ళీ ట్రాక్టర్ నడిపితే లోపల ఉన్నవి కూడా పెరికిపోతాయట. అక్కడ సాళ్ళ మధ్యన చేత్తో పెట్టుకుంటూ పోవాల్సిందే, పొద్దుగూకేలోపు ఎంతైతే అంత.

"ఏడ్చుడు ఇంటికాడ ఏడువు. ఇప్పుడు కొంగు చెక్కు. ఇద్దరం వట్టాలె."

ఏ బిడ్డ చేలోకి దిగకూడదని సాలవ్వ అంత పట్టుబట్టిందో, ఆ బిడ్డే చెప్పులు విడిచి, చున్నీ నడుముకు చుట్టుకుని, గింజలు ఒళ్ళో పోసుకుని చేలోకి దిగింది. వంగి గుంత చెయ్యడం, మూడు గింజలు వెయ్యడం, కాలితో మట్టి కప్పడం. నాలుగు సాళ్ళు దాటేసరికి నడుము విరిగిపోయింది. జీపులో ఫోన్ మోగుతూనే ఉంది, డ్రైవర్ రెండుసార్లు కేకేశాడు.

పొద్దు వాలేసరికి ఎకరమైనా పూర్తి కాలేదు. భూమక్క గట్టు మీద కూర్చుని కాళ్ళ బురద గీక్కుంటూ ఆమె వైపు చూసింది.

"ఎనిమిది దినాలల్ల ఎన్ని లేసినయో ఎర్కైతది. గప్పుడొచ్చి సూస్తవా?"

"వస్తనవ్వా."

"మొలువకపోతే?"

"గప్పుడు గూడ వస్త."

"భయమైతలేదా నీకు?"

"అయితుందవ్వా," అంది కృపాజ్యోతి.