వేరు అడిగింది ఆమె కాదు

ఈ బుధవారం నా భార్య చనిపోయింది. పొద్దున వాకిలి ఊడ్చి చాయ పెట్టింది. ఛాతీలో పట్టేసినట్టుందని గడప మీద కూర్చుంది. ఆటో వచ్చాక ఇంటి తాళంచెవి నా చేతికిచ్చి "గ్యాస్ బందు చేసినవా?" అంది. జగిత్యాల ఆసుపత్రికి చేరేసరికే ప్రాణం పోయింది.

ఆమె గురించి మంచి మాటలు రాద్దామని కూర్చున్నాను. ముందు ఇది రాయాలి.

ఇరవై ఏడేళ్ల కింద కోరుట్లలో మాది పదకొండు మంది ఇల్లు. ఒకటే పొయ్యి. ఆమె సిరిసిల్ల నుంచి వచ్చిన చిన్న కోడలు. పుట్టింట్లో ముగ్గురే కావడంతో, మందిలో తినడమంటే ఆమెకు ఇష్టం. పెద్ద గంజులో అన్నం వండి, అందరూ తిన్నాక వదినతో కలిసి కూర్చునేది.

"మాడిందే మిగిలిందక్కా."

"మాడనిది నీ మొగడు మింగె. ఇగ తిను." ఇద్దరూ నవ్వేవారు.

వేరు పడాలనుకున్నది నేను. జగిత్యాల కాలేజీలో ఉద్యోగం. రోజూ బస్సు, ప్రతిదానికీ అన్న అనుమతి. విసుగొచ్చింది. ఆ సంగతి అన్నకు నేరుగా చెప్పలేక, మా దగ్గర మగవాళ్లు అనే మాటే అన్నాను. "మా ఇంట్లామె కలిసుండనంటున్నది అన్నా."

ఆమె వంటింట్లో ఉంది. విన్నది. బయటికి రాలేదు.

మర్నాడు అడిగింది. "గట్లెందుకన్నవ్?"

"ఆడోళ్ల మీద పెడితే లొల్లి తొందర ఒడుస్తది."

"ఒడువది. నా మీదనే ఉంటది."

మళ్లీ ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు.

పంపకాల్లో ఆమె ఆ గంజు ఒక్కటే అడిగింది. "ఇద్దరికి గంత గంజెందుకే?" అంది వదిన. "ఎప్పటికన్న మీరంత అస్తరు గద అక్కా."

వదిన ఒక్కసారి కూడా మా ఇంట్లో తినలేదు. పెళ్లిళ్లలో ఎదురైతే "ఇల్లు ఇరగ్గొట్టినామె అచ్చింది" అనేది, వినపడేలా. నేను పక్కనే ఉండేవాణ్ని. నా భార్య ఏటా దసరాకు గంజు సజ్జ మీంచి దించి, చింతపండుతో తోమి, తిరిగి పైన పెట్టేది. ఎందుకని నేను అడగలేదు.

నిన్న మూడో రోజు. ఆమె పేర విస్తరి వేసి పిట్టకు పెట్టాం. ఎంతసేపు చూసినా కాకి వాలలేదు. "ఏం కోరికుండెనో చెప్పుండ్రి. తీరుస్తమంటెనే ముడుతది" అన్నారు పెద్దలు.

"ఆమెకేం కోరిక? వేరువడాల్నన్నది, వడ్డది" అంది వదిన.

అన్న నా వైపు చూశాడు. ఏళ్లకేళ్లు పాఠాలు చెప్పినవాణ్ని, నేల చూశాను. చివరికి ఆ విస్తరి ఆవుకు పెట్టారు.

రేపు ఐదో రోజు, మళ్లీ పిట్టకు పెట్టాలి. పొద్దున్నే గంజు దించుతాను. వచ్చినవాళ్లందరికీ అన్నం అందులోనే వండిస్తాను. విస్తరి పెట్టేముందు, వేరు అడిగింది నేనని వదినకు అందరి ముందూ చెప్తాను. పిట్ట కోసం ఆ తర్వాతే తలెత్తి చూస్తాను.