గొట్టాలు లేని పాటపెట్టె

మరియమాత పండగకి సున్నం వేయిద్దామని అటక దులిపితే ఆ పెట్టె దిగింది. గుణదలలో శౌరయ్య ఇంట అదేమిటో తెలిసిన ప్రాణి లేదు. పక్కన తిప్పే పిడి, పైన అడ్డంగా ఇత్తడి రోలరు, విడిగా ఒక రేకు బాకా. కుట్టుమిషనని కోడలు అమలమ్మ అంది. కాఫీగింజలు ఆడించేదని కొడుకు కృపానందం అన్నాడు. తెలియనివాళ్లకే ధైర్యమెక్కువ. చివరికి వన్‌టౌన్‌లో గ్రామఫోన్లు బాగుచేసే హుమాయూన్‌ని పిలిపించారు.

హుమాయూన్ పిడి తిప్పి వదిలాడు. రోలరు గిర్రున తిరిగింది.

"ఇదీ పాటపెట్టేనండీ తాతగారూ! కాకపోతే దీనికి ప్లేట్లు కాదు, మైనం గొట్టాలు తొడుగుతారు. మా నాన్న చెప్పగా వినడమే గానీ చూడ్డం ఇదే. బాకా ముందు నిలబడి పాడితే ఆ గొంతు గొట్టంలోకి ఎక్కేదంట. గొట్టాలున్నాయాండీ?"

శౌరయ్యకు చూపు ఆనదు. అయినా ముఖం వెలిగిపోయింది. ఆయన తండ్రి ఒక తెల్ల ఫాదరీ దగ్గర వంటవాడు. ఆ బంగళాలో ఎప్పుడో, పసివాడైన తనని చంకనేసుకుని, అమ్మ ఒక బాకా ముందు నిలబడి మరియమ్మ పాట పాడిందని తండ్రి చెప్పేవాడు. మరుసటేడే కలరాకి పోయింది. ఫాదరీ తన దేశం వెళ్లిపోతూ సామాను వంటవాడికిచ్చాడు.

"అయితే మా అమ్మ గొంతు మా ఇంట్లోనే ఉందన్నమాట! గొట్టాలు అటక మీద రేకు డబ్బాలో ఉండాలయ్యా. అమలమ్మా, తీసుకురామ్మా."

ఆ డబ్బా ఖాళీ అని అమలమ్మ ఒక్కదానికే తెలుసు.

కొండ దగ్గర భక్తులు వెలిగించి వదిలేసిన కొవ్వొత్తి ముక్కలు ఏరుకొచ్చి, కరిగించి, కొత్తవి పోసి పండగలో అమ్మడం ఆమెకు ఏటా అలవాటు. ఒక ఏడు మైనం చాలలేదు. అటక మీద డబ్బాలో సబ్బు రంగు గొట్టాలు కనబడ్డాయి. పాతకాలం మైనం, ఊరికే పడుందిలే అనుకుని పొయ్యి మీద పెట్టేసింది. అవి మొండికేసి మొండికేసి కరిగాయి.

"వెతుకుతాను మావయ్యా," అనేసింది. చెట్టెక్కించి నిచ్చెన తీసేసినట్టయింది. ఎక్కిందీ తనే, తీసిందీ తనే.

ఇక రోజూ మధ్యాహ్నం అటకెక్కి, నడుం ఎత్తనివ్వని ఆ కప్పు కింద ఉక్కలో, బూజులో కూర్చుని, కిందికి వినబడేలా డబ్బాలు కదిపేది. "ఆ మూల చూశావా అమ్మా?" అని మంచం మీంచి ఆయన అడిగేవాడు. "చూస్తున్నా మావయ్యా," అనేది. దిగితే చెప్పాలి. చెబితే ఆ ముఖం చూడాలి. చుట్టూ గోడలే తప్ప దారి లేదు. జపమాల పట్టుకుందామంటే మరియమ్మకి ముఖం చూపించలేకపోయింది.

రేపు పండగనగా నిచ్చెన కిర్రుమంది. శౌరయ్య మెట్టు మీద కాలు పెట్టాడు.

"నీకు దొరకట్లేదు గానీ నేను తడుముతానమ్మా. నా చేతికి తెలుస్తుంది."

"వద్దు మావయ్యా, పడతారు! అవి లేవు. కరిగించి కొవ్వొత్తులు పోసేశాను. తెలీదు మావయ్యా, ఒట్టి మైనమనుకున్నాను."

ఆయన మెట్టు మీద పెట్టిన కాలు దించాడు. నిచ్చెన పట్టుకునే అడిగాడు.

"బాగా వెలిగాయా?"

వెలిగాయంటే సరిపోయేది. మాత పాదాల దగ్గర అమ్మ గొంతు వెలిగిందనుకుని ఆ ముసలిప్రాణం ఊరడిల్లేది. కానీ ఒక అబద్ధంలో ఇన్నాళ్లు ఉడికిన మనిషికి ఇంకొకటి నోట పెగల్లేదు.

"లేదు మావయ్యా. పొగచిమ్మి ఆరిపోయాయి. కొన్నవాళ్లు తిట్టారు కూడా."

ఆయన తిడితే కాళ్లు పట్టుకుని ఏడ్చి బయటపడేది. తిట్టలేదు. తడుముకుంటూ వెళ్లి పెట్టె పక్కన కూర్చుని, బాకాకి చెవి ఆనించాడు.

"తిప్పమ్మా," అన్నాడు.

ఆమె అటక దిగి వచ్చి పిడి తిప్పింది. ఖాళీ రోలరు గరగరలాడి ఆగిపోయింది.

"ఇంకోసారి."

పండగ వెళ్లిపోయింది. అయినా రోజూ సాయంత్రం ప్రార్థన కాగానే ఆ పిలుపు వస్తుంది. అమలమ్మ చేతిలో పని వదిలేసి వెళ్లి పిడి పట్టుకుంటుంది.