మొగ దాటే ముందు రంగయ్యను అడగండి

ఈ ఉదయం రేపల్లెలో మేం కట్టిస్తున్న గోదాము దగ్గర లారీలోంచి సరుగుడు గుంజలు దించారు. పచ్చి బెరడు వాసన గుప్పుమంది. వాటి పొడవూ లావూ రాసుకోవలసినవాణ్ణి, కలం పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ఎక్కడివని అడిగితే డ్రైవరు, "రామాపురం దగ్గర తోట కొట్టారండి" అన్నాడు. రంగయ్యగారి తోట అక్కడికి చాలా ఇవతల, బాపట్ల వైపు. దాన్ని కొట్టేసి రెండేళ్ళయింది. ఇవి ఆ గుంజలు కావు. వాసన మాత్రం అదే.

అరవైల చివర, నేను ఇంజనీరింగ్ డిప్లొమా చదివే రోజుల్లో, తెనాలి స్నేహితులం నలుగురం సెలవు దొరికితే రైల్లో బాపట్ల వెళ్ళి, అక్కణ్ణుంచి సముద్రపు ఒడ్డు పట్టుకుని వాడరేవు దాకా నడిచేవాళ్ళం. మాలాంటి జట్లు ఇంకా ఉండేవి. దారి మధ్యలో రంగయ్యగారి మూడెకరాల సరుగుడు తోట. అందులో రెండు తాటాకు పాకలు, ఒక దొరువు. ఇసుకలో తవ్విన ఆ గుంటలో నీళ్ళు తియ్యగా ఉండేవి. ఎవరో ఒకసారి ఎండకు తాళలేక నీడ అడిగారట. తర్వాతి వారం అలా అడిగినతనే మరో ముగ్గుర్ని వెంటబెట్టుకొచ్చాడట. అప్పుడు రంగయ్యగారు మొదటి పాక వేశారు. ఆయన భార్య కోటమ్మగారు వచ్చినవాళ్ళకు వేడన్నం, చేపల పులుసు పెట్టేది. నడిచేవాళ్ళందరికీ ఆయన బాబాయి, ఆవిడ పిన్ని.

మొదటిసారి వెళ్ళినప్పుడు నా సంచిలో ఇరవైమూడు వస్తువులున్నాయి. జాబితా రాసి, సంచి మూతకు లోపల అంటించుకున్నాను. కోటమ్మగారు అన్నీ చాప మీద పరిపించింది. "దిక్సూచి, తాడు, టార్చిలైటు, కొలత టేపు... ఇదేంటి నాయనా, పెళ్ళికి సారె తెచ్చావా? మరి నీళ్ళు తాగడానికి గ్లాసేదీ?" అంది. లేదు. ఇరవైమూడింటిలో గ్లాసు లేదు. నా స్నేహితులు పొట్టలు పట్టుకుని నవ్వారు. రంగయ్యగారు నవ్వలేదు. తాడు చేతిలోకి తీసుకుని, రెండు కొసలూ లాగి చూసి, "ఇది మంచిది. దీన్ని మాత్రం ఎప్పుడూ మరిచిపోకు" అన్నారు.

ఆ గ్లాసు సంగతి నన్ను వదల్లేదు. నా చదువు వాళ్ళకు ఏదో ఒక విధంగా పనికి రావాలనుకున్నాను. మూడు ఆదివారాలు ఆ దారంతా కొలిచి, గుడ్డ అంటించిన దళసరి కాగితం మీద పటం గీశాను. పల్లెలు, దొరువులు, నీడ ఉన్న చోట్లు, అన్నీ పెట్టాను. తోట దాటాక ఒక ఉప్పుటేరు సముద్రంలో కలుస్తుంది. ఆ చోటును అక్కడివాళ్ళు మొగ అంటారు. అక్కడ 'మోకాలి లోతు' అని రాశాను. నేను నిలబడి కొలిచిన లోతే అది. రంగయ్యగారు కూడబలుక్కుని ఆ పటం మొత్తం చదివి, పాకలో గుంజకు వేలాడదీశారు. అంతకు ముందు ప్రతి జట్టుకీ ఏ వేళకు బయల్దేరాలో ఆయనే చెప్పి పంపేవారు. పటం వచ్చాక అడిగేవాళ్ళు తగ్గారు. చదువుకున్నవాడు కొలిచి రాశాడు కదా అని ఆయనా ఊరుకున్నారు.

ఆ తర్వాత ఒక అమావాస్యనాడు నేనూ అక్కడే ఉన్నాను. బాపట్లలో చదువుకునే నలుగురు కుర్రాళ్ళు పొద్దున్నే పటం చూసుకుని వెళ్ళిపోయారు. రంగయ్యగారు కావడితో మొక్కలకు నీళ్ళు పోసి వచ్చి, "వాళ్ళేరీ?" అన్నారు.

"వెళ్ళిపోయారు బాబాయ్. అరగంటయింది."

ఆయన సముద్రం వైపు ఒకసారి చూశారు. కావడి అక్కడే పడేసి, "నీ తాడు తీసుకురా" అని పరుగెత్తారు.

మేం చేరేసరికి అమావాస్య పోటు ఎక్కింది. ఇద్దరు అవతలి ఒడ్డున ఉన్నారు. ఒకడు ఇవతల ఉండి కేకలు వేస్తున్నాడు. నాలుగోవాడు నడిమధ్య రొమ్ముల లోతు నీళ్ళలో, పాతిపెట్టిన వలగుంజను కావలించుకుని ఉన్నాడు. రంగయ్యగారు తాడు నడుముకు కట్టుకుని దిగారు. రెండో కొస నా చేతిలో. ఆ తాడు నా అరచేతుల్ని కోస్తుంటే, నేను రాసిన రెండు మాటలే కళ్ళ ముందు కనబడ్డాయి.

ఒడ్డుకు వచ్చాక ఆ కుర్రాడు వణుకుతూ, "పటంలో మోకాలి లోతనే ఉందండీ! ఎవడండీ అది గీసింది?" అన్నాడు.

"నా పాకలో ఉంది కాబట్టి నాదే బాబూ. తప్పు నాది" అన్నారు రంగయ్యగారు.

ఆ మాట నేను అనవలసింది. ఆయన అన్నాకే, "కాదు, నేను గీశాను" అన్నాను. కుర్రాడు నావైపు ఒకసారి చూసి, చొక్కా విప్పి పిండుకోసాగాడు. ఒక తిట్టు తిట్టి ఉంటే బాగుండేది.

పాకకు రాగానే పటం లాగి చింపబోయాను. రంగయ్యగారు నా చెయ్యి పట్టుకున్నారు.

"నువ్వు అబద్ధం రాశావా?"

"లేదు బాబాయ్. నేను కొలిచినప్పుడు అంతే ఉంది."

"ఎప్పుడు కొలిచావు?"

"అష్టమి రోజు. పొద్దున."

"మరి ఆ సంగతి రాయలేదేం? నీళ్ళు నువ్వు చూసినట్టే ఉండిపోతాయా?"

పొయ్యి దగ్గర్నుంచి కోటమ్మగారు, "ఎవర్నడగాలో కూడా రాయమను. ఊరికే మూతి ముడుచుకుని కూర్చుంటాడేంటి, పటం గీసినవాడు!" అంది. నేను కలం తీసి, తిథి, పూట వేసి, కింద 'మొగ దాటే ముందు రంగయ్యను అడగండి' అని పెద్ద అక్షరాలతో రాశాను. పేరు పక్కన 'గారు' పెట్టబోతే ఆయనే వద్దన్నారు, చోటు వేస్టని.

తర్వాత సముద్రం దాకా బస్సు పడింది. నడిచేవాళ్ళు తగ్గారు. రంగయ్యగారి మోకాళ్ళు దొరువు దాకా కూడా సాగనివ్వలేదు. తోట అమ్మి, ఇద్దరూ దుగ్గిరాలలో కూతురి దగ్గరికి వెళ్ళిపోయారు. వాళ్ళు ఖాళీ చేసే ముందు నేను వెళితే, కోటమ్మగారు పటం చుట్టి చేతిలో పెట్టింది. ఇంటికొచ్చి విప్పాను. అంచుల్లో నావి కాని రాతలు. దశమి, సాయంత్రం, నడుం లోతు. పున్నమి, పొద్దున, దాటవద్దు. విదియ, మధ్యాహ్నం, పిక్కల దాకా. మొగ దాటిన ప్రతివాడితోనూ, మళ్ళీ ఇటు వచ్చినప్పుడు రంగయ్యగారు రాయించారట. లెక్కపెట్టాను. ముప్ఫై ఒకటి. నేను మూడు ఆదివారాల్లో చేయలేని పటాన్ని, కూడబలుక్కుని చదివే మనిషి ఏళ్ళ తరబడి కూర్చుని పూర్తి చేయించారు.

ఇప్పుడు నేను గీసే ప్రతి నక్షా మూలన రెండు గీతలుంటాయి. చూసిన రోజు, అడిగిన మనిషి. మా పై అధికారికి విసుగు. "ఇదేమన్నా పంచాంగమా?" అంటాడు. ఉండనీ అని ఊరుకుంటాను. గోదాము పక్క కాలువకు ఈ రోజు నక్షా వేయాలి. నీటి మట్టం నిన్న నేనే కొలిచాను. మొదటి గీత నిండింది. రెండోది ఖాళీగా ఉంది. గుంజలన్నీ దించడం అయ్యాక కలం జేబులో పెట్టుకుని, కాలువ లాకు దగ్గర ఏళ్ళుగా ఉంటున్న ముసలాయన్ని అడగడానికి బయల్దేరాను.