మూడు పిన్నుల లెక్క

“పిన్నులు తీసీసినావేటి, కాంతం?”

“తీయనేదు మావా. నువ్వే తీయాల కదా.”

“అలాగే ఉంచు. ఒచ్చి సూత్తాను.”

నేనూ మా ఆయనా ఆఖరుసారి మాట్లాడుకున్న మాటలు ఇవే. 2007లో, పలాసలో మా ఇంటి ముందు, పొద్దున్నే. విశాఖపట్నం ఆసుపత్రికి తీసుకెళ్ళడానికి ఆయన్ని వ్యాను వెనక సీట్లో పడుకోబెట్టాం. కోటబొమ్మాళి దాటేసరికి పిలిచినా పలకలేదు. మళ్ళీ పలకలేదు.

అప్పుడు నాకు స్టేషన్ రోడ్డులో ఇంటర్నెట్ సెంటర్ ఉండేది. నాలుగు కంప్యూటర్లు, ఒక ప్రింటరు, ఒక స్కానరు. స్కానరంటే కాగితాన్ని ఫోటో తీసి కంప్యూటర్లోకి పంపే పెట్టె. నాకు చదువు రాదు. తెలుగు పెద్ద అక్షరాలైతే కూడబలుక్కుంటాను. ఇంగ్లీషు అక్షరాలు కీబోర్డు మీద ఎక్కడెక్కడ ఉన్నాయో వేళ్ళకి తెలుసు, వాటి పేర్లు నాకు తెలియవు. ఇప్పుడీ కాగితం కూడా మా తమ్ముడి కూతురు స్వాతి రాస్తోంది, నేను చెబుతున్నాను.

పిల్లల్ని తీసుకొచ్చే తండ్రులు అడిగేవారు, కంప్యూటర్లో గుంపుగా కలిసి చదివితే పెద్ద లెక్కలు వస్తాయా అమ్మా అని. దానికి నాకు తెలిసిన జవాబు ఒక్క కస్టమరు దగ్గర నేర్చుకున్నదే. ఆ కస్టమరు నా మొగుడు లోకనాథం.

ఆయనది కవిటి. టెక్కలిలో ప్రైవేటు స్కూల్లో లెక్కల మాస్టారు. కిడ్నీలు పాడయ్యాయి. ఇంటింటా ఆ జబ్బే ఉన్న మా ఉద్దానం వాళ్ళకి ఆ సంగతి విడమరిచి చెప్పక్కర్లేదు. రోజూ బస్సు ప్రయాణం వద్దని డాక్టరు అన్నాక, ఉద్యోగం మానేసి పలాసలో సెంటర్ పెట్టారు. నేను పదకొండేళ్ళుగా చేస్తున్న జీడిపప్పు కార్ఖానా పని మాని వచ్చి అందులో కూర్చున్నాను. ఏ బొమ్మ నొక్కితే ఏమవుతుందో ఆయనే నేర్పారు.

ఆయనకి ఒకటే దిగులు. దూరవిద్యలో ఎమ్మెస్సీ లెక్కలు కట్టారు. అన్ని పేపర్లూ అయ్యాయి, రియల్ ఎనాలిసిస్ ఒక్కటీ మిగిలింది. అదేంటని అడిగాను. గీత మీద చుక్కలు ఉంటాయి కదా, ఏ రెండు చుక్కల మధ్యయినా ఇంకో చుక్కకి చోటుందని తేల్చి చూపించడం లాంటివి అన్నారు. అంత చిన్న సంగతికి మనిషి ఇంత బెంగ పెట్టుకోవాలా అనుకున్నాను. యూనివర్సిటీ వాళ్ళు ఇంక రెండుసార్లే రాయనిస్తామన్నారు.

విశాఖపట్నంలో క్లాసులకి వెళ్ళే ఓపిక లేదు. ఆయనలాగే ఆ పేపరు మిగిలిన ఐదుగురితో కలిసి 2005లో మెయిల్ గ్రూపు పెట్టుకున్నారు. అంటే ఒకరు రాసిన ఉత్తరం అందరికీ ఒకేసారి అందే ఏర్పాటు. అందులో టెక్కలి అమ్మాయి సుజాత ఒక్కతే మాకు తెలుసు. మిగిలిన వాళ్ళ మొహాలు కూడా చూడలేదు. లెక్కల గుర్తులు కీబోర్డులో ఉండవు కాబట్టి చేత్తో రాసి స్కాన్ చేసి పంపుకునేవారు. ఆదివారం పొద్దున్న ఒకరు లెక్క పంపితే మధ్యాహ్నానికి జవాబులు వచ్చేసేవి. నేను ప్రింటు తీసి ఇచ్చేదాన్ని. ఆయన చదివి, తల ఊపి, “అయిపోయింది కాంతం, తెలిసిపోయింది” అనేవారు. ఆ మొహంలో వెలుగు చూస్తే నాకు పండగలా ఉండేది.

పరీక్ష తప్పారు. సగం కాగితం తెల్లగా ఇచ్చి వచ్చారట.  మూడో రోజు నాతో అన్నారు, “సదువుతుంటే అన్నీ తెలిసినట్టే ఉన్నాయే. పెన్ను పట్టుకుంటే సెయ్యి కదల్నేదు.”

ఆ మాటకి నాకు కార్ఖానా గుర్తొచ్చింది. అక్కడ ఇరవైమంది ఆడవాళ్ళం వరసగా కూర్చుని పప్పు మీద పొర తీసేవాళ్ళం. విరగకుండా వచ్చినది గుండు, విరిగినది బద్ద. చేరిన కొత్తలో నేను పక్కనున్న నరసమ్మ చెయ్యి చూస్తూ కూర్చునేదాన్ని. చూస్తుంటే అంతా వచ్చేసినట్టే ఉండేది. కత్తి పట్టుకుంటే అన్నీ బద్దలే. నరసమ్మ ఒకరోజు నా వైపు వీపు తిప్పి కూర్చుంది. “నా సేతులేటి సూత్తావు, నీ సేతుల్నేవా?” అంది. బాగా మొండికేస్తే మాత్రం ఒక మూల కాస్త గిల్లి ఇచ్చేది. మిగతా పొర నేనే తీసుకోవాలి.

అదే ఆయనకి చెప్పాను. “జవాబు నేను దాసీసి ఇత్తాను మావా. అక్కరైతే కొద్దికొద్దిగా తీసుకో.”

“సదువు రాని దానివి, ఏది లెక్కో ఏది జవాబో నీకెలా తెలుత్తాదే?” అని నవ్వారు.

నవ్వినా, అదే రోజు గ్రూపు వాళ్ళకి రాశారు. లెక్క రాశాక అడ్డంగా నక్షత్రాల వరస గీసి, దాని కింద జవాబు రాయమన్నారు. నక్షత్రాలు గుర్తుపట్టడానికి చదువెందుకు? ప్రింటు తీసి, లెక్క పైకి కనబడేలా, నక్షత్రాల కింద కాగితాన్ని మూడు మడతలు పెట్టి, మడతకో స్టేప్లర్ పిన్ను కొట్టేదాన్ని. ఒక పిన్ను తీస్తే నాలుగు లైన్లే కనిపిస్తాయి. రెండు రోజులు కుస్తీ పట్టాకే మొదటి పిన్ను తీయాలని ఒప్పందం.

మొదట్లో మూడు పిన్నులూ ఊడొచ్చేవి. ఒకసారి జాలేసి నేనే రెండు పిన్నులు కొట్టడం మానేశాను. ఆయన కాళ్ళు బాగా వాచి ఉన్నాయి ఆ వారం. కాగితం చూసి నా చేతిలో పెట్టేశారు. “జబ్బు కాళ్ళకి కదా, తలకాయికి కాదు. తిన్నగా కొట్టి తే” అన్నారు. ఇంకోసారి ఎవరో జవాబు పైన, లెక్క కింద రాసి పంపారు. నేను నక్షత్రాలు చూసి మడిచేశాను. ఆయన చాలాసేపు చూసి పడీపడీ నవ్వారు. “జవాబు బయటెట్టి లెక్క దాసినావు కదే” అన్నారు. పారేయమంటే పారేయలేదు. ఈ జవాబుకి లెక్కేమై ఉంటుందో కనుక్కుంటానని రెండు రోజులు కూర్చున్నారు, కనుక్కున్నారు కూడా. ఆ రెండు రోజులూ మందులు వేసుకోమని నేను గుర్తుచేయక్కర్లేకపోయింది.

సుజాత ఒకసారి ఫోన్ చేసి, “అన్నయ్యగారు ఇదివరకు మధ్యాహ్నానికే రాసేవారు. ఇప్పుడు బుధవారం దాకా ఉలుకూ పలుకూ నేదేటి వదినా?” అని అడిగింది. పిన్నుల సంగతి చెప్పాను. వారం తిరక్కుండా ఆ అమ్మాయి కూడా స్టేప్లర్ కొనుక్కుంది, వాళ్ళమ్మ చేత కొట్టించుకునేది.

వానాకాలం వచ్చేసరికి ఒక పిన్నే ఊడేది. తరవాత కొన్ని కాగితాలు మూడు పిన్నులతో అలాగే తిరిగొచ్చాయి. గల్లాపెట్టె పక్కన అవి పెట్టుకుని చూసుకునేదాన్ని. లోపల ఏముందో నాకు తెలియదు. తెరవలేదన్నది ఒక్కటే తెలుసు.

ఆఖరి అవకాశం శ్రీకాకుళంలో రాశారు. ఫలితం మా సెంటర్లోనే చూశాం. ఎందరి నంబర్లో కొట్టి చూసిన చేతులు, ఆయన నంబరు రెండుసార్లు తప్పు కొట్టాయి. పాసయ్యారు. నేను ఏడ్చాను. ఆయన ఏడవలేదు. ఆ ఆదివారం పొద్దున్నే వచ్చి, “లెక్క వచ్చిందా?” అని అడిగారు. పాసయ్యారు కదా ఇంకెందుకని అన్నాను. “పాసయితే లెక్కలయిపోతాయేటే?” అన్నారు.

ఆ తరవాత ఏడాది పాటు ఒక్క ఆదివారం కూడా లెక్క తప్పలేదు. ఆఖరి ఆదివారం ఇచ్చిన కాగితం ఇంకా మంచం మీదే ఉండగా వ్యాను వచ్చింది. ఆయన పోయాక కూడా గ్రూపు ఉత్తరాలు వచ్చేవి. నాలుగు ఆదివారాలు ప్రింటు తీసి, మడిచి, పిన్నులు కొట్టాను. ఎవరికివ్వాలి? ఐదో ఆదివారం స్టేప్లర్ సొరుగులో పెట్టేశాను.

అందుకని ఎవరడిగినా నేను చెప్పేది ఇదే. గుంపు మేలు చేస్తుంది. ఆ ఐదుగురు లేకపోతే అంత జబ్బులో ఆయన ఆదివారం లేచి చొక్కా వేసుకునేవారు కాదు. కానీ వాళ్ళ జవాబు వెంటనే కంట్లో పడితే మేలు చేయదు. మన చెయ్యి నొప్పెట్టేదాకా దాన్ని మడిచి ఉంచే మనిషి ఒకరు పక్కన ఉండాలి. ఆయనకి నేనున్నాను. అది తలుచుకుంటే గర్వంగా ఉంటుంది. ఆదివారం పొద్దున్న మాత్రం ఏ పనీ చేయబుద్ధి కాదు.

ఆఖరి కాగితం నా దగ్గరే ఉంది. మూడు పిన్నులూ తుప్పు పట్టాయి. పైన ఆయన పెన్సిల్‌తో రాసిన రెండు లైన్లు, మూడోది సగం. స్వాతి డిగ్రీలో లెక్కలే చదువుతోంది. అది చూసి, “దారి సరిగ్గానే ఉందత్తా. ఇంకొక్క లైనుంటే అయిపోయీది. నేను పూర్తి సేసీనా?” అంది.

నీ కాగితం మీద చేసుకోమన్నాను.

రాసినావా అమ్మా అంతా? ఏదీ, మొదటి నుంచి సదువు. ఆయన మాట దగ్గర తొందరపడకు. “ఒచ్చి సూత్తాను” అన్నాక కాసేపు ఆగి సదువు.